నిర్జన ప్రాకారాలు

హంపీలో విఠ్ఠలస్వామి ఆలయ ప్రాంగణంలో ఉన్న రాతిరథాన్ని ఎరుగని తెలుగు పాఠకులు అరుదు. అక్కడికి వెళ్లనివారు కూడ 2017లో వెలువడిన 50 రూపాయల నోటు వెనుక దానిని చూచియే ఉంటారు. ఆ రథానికి శిఖరం లేదు. చదునైన కప్పుతో ముగుస్తుంది. అదే దాని సహజరూపమని మన కన్ను ఏనాడో ఒప్పుకొన్నది. కాని 1856లో మదరాసు సైన్యానికి చెందిన అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే అధికారి తీసిన ఛాయాచిత్రంలో ఆ రథం మీద ఇటుకతో కట్టిన శిఖరమొకటి నిలిచి ఉన్నది. తరువాతి కాలంలో దానిని తీసివేసినారు. ఆ చిత్రమే లేకపోతే, శిల్పి రథాన్ని ఎంతవరకు ఊహించినాడో అంతవరకు మనం ఊహించగలిగేవారము కాము.

ఛాయాచిత్రం చేసే ఉపకారం ఇటువంటిది. దానిని కాదనేవారు లేరు. అయితే నేను చెప్పదలచినది ఆ ఉపకారాన్ని గురించి కాదు. గ్రీన్‌లా హంపీ చిత్రాలను ఒకదాని వెనుక ఒకటిగా చూస్తూ పోయినప్పుడు మొదట మనస్సుకు తట్టేది శిఖరమూ కాదు, శిల్పమూ కాదు. అక్కడ జనం దాదాపు లేరు. బండరాళ్లు, మండపాలు, రాతి స్తంభాల బారులు, వాటి మీద మచ్చలేని తెల్లని ఆకాశం. పొలం ఉన్నది, దున్నేవాడు లేడు. గుడి ఉన్నది, మ్రొక్కేవాడు లేడు. ఆ కాలపు ఛాయాగ్రాహకులు దక్షిణదేశంలో తీసిన గ్రామసీమల చిత్రాలలోను, ప్రాచీన కట్టడాల చిత్రాలలోను ఈ శూన్యం ఎంతగా వ్యాపించి ఉన్నదంటే, చూడగా చూడగా అది ఆ దేశపు స్వభావమే అని నమ్మే స్థితికి వస్తాము. నలుపు తెలుపుల సౌందర్యమని మనం మెచ్చుకొనేదానిలో చాలా భాగం ఈ శూన్యమే. అది ఎక్కడిదో విచారించకుండా మెచ్చుకొనడం సరికాదని నా అభిప్రాయం.

అందులో సగం రసాయనానిది. ఆనాడు గ్రీన్‌లా, ఆయన సమకాలికుడు లినేయస్ ట్రైప్ వాడినది గాజుపలక కాదు, మైనం పట్టించిన కాగితం. దానికి వెండి లవణాలు ఎక్కించి, ఆరబెట్టి, పెట్టెలలో సర్ది, బండ్ల మీద ఊరూరికి మోసుకొని పోవచ్చును. ఎండ తీవ్రంగా ఉండే దేశంలో, తడి ఆరకముందే పని ముగించవలసిన గాజుపలకల కంటె ఇది అనుకూలం. కాని ఆ కాగితం మందకొడి. మంచి ఎండలో కూడ నిమిషాల తరబడి కటకాన్ని తెరచి ఉంచితేగాని బొమ్మ పట్టదు. అంతసేపు కదలకుండా ఉండగలిగినది రాయి ఒక్కటే. ప్రాకారంలో నడిచిపోయిన మనిషి ఆ కాగితానికి కనబడడు. కొంతసేపు కూర్చొని లేచిపోయినవాడు పొగవలె ఒక మరకను వదలిపోతాడు. గాలికి ఊగే కొబ్బరిమట్ట బూజువలె చెదరిపోతుంది. శ్రీరంగం, దక్షిణ మధుర వంటి క్షేత్రాలలో వీథులు ఏనాడు నిర్మానుష్యంగా ఉన్నవి? చిత్రంలో మాత్రం ఉన్నవి. జనం వెళ్లిపోలేదు, కాగితానికి అందలేదు.

వర్ణాల విషయం ఇంకా చిత్రమైనది. నలుపు తెలుపు చిత్రమంటే రంగులు తీసివేసిన చిత్రమని మనం సాధారణంగా అనుకొంటాము. ఆ కాగితం రంగులను తీసివేయలేదు, వాటిని తారుమారు చేసినది. అది నీలాన్ని అతిగా గ్రహిస్తుంది. ఎరుపును, పసుపును, ఆకుపచ్చను సరిగా గ్రహించదు. అందుచేత నీలాకాశం సున్నం కొట్టిన గోడవలె తెల్లబోతుంది. కావేరి డెల్టాలో కన్నులు చల్లబడే వరిమడి నల్లని చాపవలె పరచుకొంటుంది. మన ఎర్రనేల బొగ్గుపొడి వలె కనబడుతుంది. ఎండ ఎక్కువగా పడే దేశం చిత్రంలో చీకటిదేశంగా తేలినది. ఇది చూచేవాని మనస్సులో ఏ భావాన్ని నాటుతుందో చెప్పనక్కరలేదు. ఆ తెల్లబోయిన ఆకాశాన్ని ట్రైప్ కూడ సహించలేకపోయినాడు. నెగటివ్ కాగితం మీద కుంచెతో రంగు పూసి, కొన్ని చిత్రాలలో మేఘాలను తానే కల్పించినాడు. చెదరిన చెట్ల ఆకులను దిద్దినాడు. యంత్రం చూడలేనిదానిని చెయ్యి పూరించినదన్నమాట. ఛాయాచిత్రం ఉన్నది ఉన్నట్లు చెబుతుందని వాదించేవారు ఆ మేఘాల దగ్గర ఒకసారి ఆగి చూడవలె. లేని మేఘాన్ని కల్పించడానికి వచ్చిన మనస్సు, ఉన్న మనిషిని చేర్చడానికి ఎందుకు రాలేదు?

ట్రైప్‌ను గురించి ఇక్కడ కొంత చెప్పవలె. ఎందుకంటే ఈ బృందంలో అందరికంటె గొప్ప కళాకారుడు ఆయనే. 1822లో ఇంగ్లండులో పుట్టి, 1839లో కంపెనీ సైన్యంలో చేరి మదరాసుకు వచ్చినాడు. 1854 చివర హళేబీడు, బేలూరు, శ్రవణబెళగొళలను చిత్రించినాడు. మరుసటి ఏడు ఆవా రాజ్యానికి వెళ్లిన రాయబారబృందంతో బర్మాకు పోయి, 200కు పైగా చిత్రాలను తెచ్చినాడు. తరువాత మదరాసు ప్రభుత్వం ఆయనను తన ఛాయాగ్రాహకునిగా నియమించినది. 1857 డిసెంబరు నుండి కొన్ని నెలలపాటు శ్రీరంగం, తిరుచిరాపల్లి, మధుర, పుదుక్కోట, తంజావూరు తిరిగి తీసిన చిత్రాలు 1858లో సంపుటాలుగా వెలువడినవి. ఆ కాలాన్ని గమనించండి. ఉత్తరదేశమంతా తిరుగుబాటుతో రగులుతున్న సంవత్సరమది. దక్షిణాన ఒక సైనికాధికారి నిబ్బరంగా స్తంభాల నీడలను కొలుచుకొంటున్నాడు. ఈ నిబ్బరం ఆ చిత్రాలలో ఉన్నది. ప్రతి మండపమూ సరిగా మధ్యకు వచ్చి నిలుస్తుంది. ప్రతి బారూ ఒక బిందువు వైపు ఒదిగి పోతుంది. వెలుగు ఎక్కడ పడవలెనో అక్కడనే పడుతుంది. అధికారి కన్ను, శిల్పి కన్ను ఒకే మనిషిలో ఉండడం అరుదు. ఆయనలో రెండూ ఉన్నవి.

ఆయన మధుర చిత్రాలలో తిరుమల నాయకుని మహలు ఉన్నది. 1636 ప్రాంతంలో కట్టిన ఆ మహలు అప్పటికి పాడుబడి ఉన్నది. నేపియర్ ప్రభువు మదరాసు గవర్నరుగా ఉన్న కాలంలో, అనగా 1866 తరువాత, దాని ఉద్ధరణ మొదలైనది. కనుక ట్రైప్ చిత్రం మరమ్మతుకు పూర్వపు సాక్ష్యం. తెలుగువారికి ఈ చిత్రం ప్రత్యేకంగా మాట్లాడుతుంది. మధుర, తంజావూరు నాయకుల కొలువులలో పుట్టిన యక్షగానాలను, వచనకావ్యాలను దక్షిణాంధ్ర వాఙ్మయమని పేరు పెట్టి చదువుకొన్నాము. ఆ కొలువులలో ఎంత సందడి! గాయకులు, నటీమణులు, విదూషకులు, కవులు, వారి మధ్య ఈర్ష్యలు. ఇక్కడేమో ఆ సందడి అంతా ఉడిగిపోయి, బలిసిన స్తంభాలు, బోసిపోయిన తోరణాలు. చూచిన వెంటనే గతించిన వైభవమన్న మాట నోటికి వస్తుంది. నాకూ వచ్చినది. తరువాత సిగ్గుపడినాను. వైభవం గతించినమాట నిజమే, కాని ఆ మాట నా చేత పలికించినది చరిత్ర కాదు, కాగితం.

మన కవిత్వంలో కూడ శిథిలాల ముందు నిలిచి కన్నీరు కార్చే సంప్రదాయం ఒకటి బలంగా ఏర్పడినది. కొడాలి వెంకట సుబ్బారావు ‘హంపీ క్షేత్రము’ అందుకు పేరు పొందిన ఉదాహరణ. ఆ కవితకు ఈ చిత్రాలు కారణమని నేను అనను; కవులు గ్రీన్‌లాను చూచి ఉండరు. కాని రెండింటిలోను రంగస్థలం ఒకే విధంగా ఖాళీ చేయబడినది. గతంతో మాట్లాడడానికి వర్తమానాన్ని పక్కకు జరిపినారు. హంపీ పొలాలలో చెరకు కొట్టేవాడు, విరూపాక్షుని గుడిముందు కొబ్బరికాయలు అమ్ముకొనేది, కన్నీటికి అడ్డం. 1520 ప్రాంతంలో ఆ నగరాన్ని చూచిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయిష్ వ్రాతలో జనమే జనం, సంతలే సంతలు. ఆ సంతను చదివి మురిసిపోయే మనమే, అదే వీథిలో నేటి అంగడిని చూచి విసుగుకొంటాము.

ఈ విసుగు మనస్సులోనే ఉండిపోతే పెద్ద నష్టం లేదు. 2011 జూలైలో విరూపాక్షాలయం ఎదుటి బజారు వీథిలో పాత మండపాలను ఆనుకొని ఇళ్లు, అంగళ్లు కట్టుకొని బ్రతుకుతున్న కుటుంబాలను ఖాళీ చేయించినారు, కట్టుబడులను కూల్చినారు. వారు మండపాలకు హాని చేసినారన్న వాదంలో నిజం లేకపోలేదు. రాతిస్తంభాల మధ్య ఇటుకగోడ పెట్టినవారిని నేనూ సమర్థించను. కాని ఆ వీథిని ఏ రూపానికి తీసుకొనిరావలెనని కోరుకొన్నారో ఆలోచించండి. పాయిష్ చూచిన సంతకు కాదు. గ్రీన్‌లా కాగితం చూడగలిగిన వీథికి. నిమిషాల తరబడి కటకం తెరచి ఉంచవలసి వచ్చినందున జనం మాయమైన ఆ దృశ్యమే, నూటయాభై ఏళ్లకు పైబడిన తరువాత, కట్టడం సహజస్థితి అన్న పేరుతో నేలమీదికి దిగినది.

రసాయనం సగమని పైన అన్నాను. మిగిలిన సగం కోరికది. దానికి రుజువు కావలెనంటే, కాగితం పోయి వేగంగా పనిచేసే పలకలు వచ్చిన తరువాతి చిత్రాలను చూడవలె. 1863లో ఇండియాకు వచ్చిన శామ్యూల్ బోర్న్ హిమాలయాల విస్తీర్ణానికి అబ్బురపడుతూనే, ఇంగ్లండు పల్లెల సౌమ్యత అక్కడ దొరకలేదని వ్రాసుకొన్నాడు. ఆయన వెదకినది తన ఊరి బొమ్మను. దొరికినచోట తీసినాడు, దొరకనిచోట నొచ్చుకొన్నాడు. అంతకంటె ఆయనను గురించి చెప్పవలసినది లేదు.

లాలా దీనదయాళ్ సంగతి అట్లు తేలికగా తేలదు. 1844లో మీరట్ సమీపాన సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగం చేస్తూ ఛాయాగ్రహణం నేర్చుకొన్నవాడు. లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్యభారతంలో తిరిగి అక్కడి కట్టడాలను చిత్రించినాడు. తరువాత ఆరవ నిజాం ఆశ్రయం పొంది, సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పి, ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు పొందినాడు. మనవాడు తీసినాడు గనుక మన దృష్టి ఉంటుందని ఆశతో ఆయన మధ్యభారత చిత్రాలను తెరుస్తాము. అక్కడా అదే వ్యాకరణం. కట్టడం నిండుగా, నిక్కచ్చిగా నిలుస్తుంది. మనిషి ఉంటే ఎత్తు తెలిపే కొలబద్దగా మెట్లమీద నిలబడతాడు. వానికి పేరు లేదు, పని లేదు. ఆయన పలకలు ట్రైప్ కాగితం కంటె ఎంతో వేగమైనవి, జనాన్ని పట్టగలవు. చార్మినారు వీథుల చిత్రాలలో పట్టినవి కూడ: బండ్లు, బాటసారులు, నీడలు. అనగా నగరం వంతు వచ్చేసరికి జనం ఉండవచ్చును, ప్రాచీన కట్టడం వంతు వచ్చేసరికి ఉండరాదు. ఇది యంత్రం పెట్టిన నియమం కాదు. చిత్రాలను కోరి తీయించుకొన్నవారి అభిరుచి అది, దానిని దీనదయాళ్ ఎంతో నైపుణ్యంతో నెరవేర్చినాడు. పుట్టుకను బట్టి చూపు మారుతుందని నమ్మే విమర్శకులకు ఆయన ఇబ్బందికరమైన ఉదాహరణ.

ఆయన తీసిన గ్రామసీమలో జనం నిండుగా కనబడే చిత్రాలు లేకపోలేదు. పందొమ్మిదో శతాబ్దం చివర నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు జిల్లాలో జరిగిన కరువు సహాయపు పనుల చిత్రాలు అవి. అందమైన పల్లెపట్టు చిత్రానికి అడ్డమైన జనం, ప్రభుత్వం చేసిన ఉపకారానికి సాక్ష్యంగా మాత్రం పనికివచ్చినారు. ఈ రెండు విధాల చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడమని పాఠకులను కోరుతాను. నేల ఒకటే, ఎండ ఒకటే, ఛాయాగ్రాహకుడు కూడ ఒకడే.

ఇక మన అమరావతి మాట. 1845లో గుంటూరు సీమలో ఉన్న వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మదరాసుకు పంపిన శిల్పాలను 1858లో ట్రైప్ అక్కడి మ్యూజియంకొరకు చిత్రించినాడు. మరుసటి ఏడే వాటిలో అధికభాగాన్ని ఓడ ఎక్కించి లండనుకు పంపినారు. ఇప్పుడవి బ్రిటిషు మ్యూజియంలో ఉన్నవి. కాబట్టి దేశం విడవకముందు ఆ శిల్పాలు ఎట్లున్నవో చెప్పే సాక్ష్యంగా ఈ చిత్రాలకు సాటిలేని విలువ ఉన్నది. వాటిలో లోపమల్లా ఒక్కటే: కృష్ణ లేదు. ధరణికోట దిబ్బ లేదు. ఆ రాళ్లు ఏ నేలలో నుండి పైకి వచ్చినవో ఆ నేల లేదు. తంజావూరులో ట్రైప్ కట్టడాన్ని దాని చోటుననే చూడగలిగినాడు, జనం లేకపోయినా పరిసరం మిగిలినది. అమరావతి విషయంలో పరిసరం కూడ పోయినది. పద్మాలు, పూర్ణకుంభాలు, ఏనుగును శాంతింపజేసే బుద్ధుని కథలు ముక్కలు ముక్కలుగా, వాక్యంలో నుండి ఊడదీసిన పదాలవలె నిలిచినవి. మహాచైత్యం అంతకుముందే చెదరిపోయిన మాట వాస్తవం. వాసిరెడ్డి వెంకటాద్రినాయుని కాలంలో ఊరి కట్టుబడికి ఆ రాళ్లు వాడినారు. నేరం కెమెరాది కాదు. అయినా మన ఊరి శిల్పానికి మొదటి ఛాయాచిత్రాలు మన ఊరిలో తీసినవి కావన్నది మనస్సులో ముల్లువలె ఉంటుంది.

ఆ పని అంతటితో ఆగినది. 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్ ఈ ఛాయాగ్రహణశాఖను ప్రభుత్వం భరించలేని విలాసంగా ఎంచి మూసివేయించినాడు. ట్రైప్ తిరిగి పటాలానికి పోయినాడు.

నూరేళ్ల తరువాత బెంగాలు పల్లెలలో ఇంకొక ఆంగ్లేయుడు ఇదే పనిని వేరొక మనస్సుతో చేసినాడు. డేవిడ్ మెకచన్ జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో తులనాత్మక సాహిత్యం బోధించినవాడు. ఇంగ్లీషులో వ్రాసే భారతీయ రచయితలను గురించి 1969లో ఒక విమర్శగ్రంథం ప్రకటించినవాడు. సత్యజిత్ రాయ్ చిత్రాల ఆంగ్ల అనువాదపాఠాలకు సహాయపడినవాడు. 1960లలో ఆయన తీరిక అంతా గ్రామాలలోని ఇటుక దేవాలయాలకే పోయినది. అవి తంజావూరువంటి మహాలయాలు కావు. చెరువుగట్టున, వెదురుపొదల నడుమ, ఒక కుటుంబం కట్టించుకొన్న చిన్న గుళ్లు. గోడల నిండ కాల్చిన మట్టిపలకలు. వర్షాకాలానికి ఒకటి కూలిపోతుంటే, కూలకముందు వెళ్లి పట్టుకొనవలెనన్న తొందర ఆయనది. ఆ చిత్రాలు వేల సంఖ్యలో ఉన్నవి. 1972లో కలకత్తాలో పోలియోతో చనిపోయేనాటికి ఆయనకు 41 ఏళ్లు మాత్రమే.

మెకచన్ చిత్రాలు ట్రైప్ చిత్రాలంత అందమైనవి కావు. ఆ మాట దాచనవసరం లేదు. అవి జాబితా కోసం తీసినవి: ముఖభాగం, మూల, తోరణం, పలక. కాని మట్టిపలకల దగ్గరకు ఆయన జరిగిన కొద్దీ ఒక విశేషం జరుగుతుంది. రామరావణ యుద్ధం క్రింది వరుసలో పడవవాండ్రు, పల్లకి బోయీలు, తుపాకి పట్టిన దొరలు, హుక్కా త్రాగే జమీందారులు బారులు తీరి నడుస్తుంటారు. గుడి ముందు జనం ఉన్నా లేకున్నా, గుడి మీద జనం ఉన్నారు. కట్టడాన్ని దూరం నుండి దృశ్యంగా చూచినవారికి దొరకనిది, దగ్గరికి పోయి పాఠంగా చదివినవానికి దొరికినది. సాహిత్యం బోధించేవాడు కావడం ఆయనకు ఇక్కడ కలిసివచ్చినదని నా ఊహ.

ఈ చదవడమనే మాటను మెకచన్‌కంటె చాలా ముందు ట్రైప్ కూడ ఒక్కసారి నిజం చేసినాడు. ఆయన పనిలో నాకు అన్నింటికంటె ఇష్టమైనది మండపమూ కాదు, మహలూ కాదు. తంజావూరు బృహదీశ్వరాలయ విమానపు అధిష్ఠానం చుట్టు చెక్కిన శాసనాల చిత్రం. దానిని ఒక చిత్రమనడం కూడ సరికాదు. కెమెరాను గోడవెంట కొంచెం కొంచెంగా జరుపుకొంటూ పోయి, 21 ముద్రలను ఒకదానికొకటి అతికించి, దాదాపు 19 అడుగుల చుట్టగా చేసినాడు. తాటాకు గ్రంథాన్ని తిప్పినట్లు దానిని విప్పుకొంటూ చూడవలె. అందులో ఆకాశం లేదు, కల్పించిన మేఘాలు లేవు, చీకటిపడిన వరిమడి లేదు. ఎండ ఒరసి పడినందువల్ల లేచి నిలిచిన తమిళ అక్షరాలు, వరుస క్రింద వరుస. ట్రైప్‌కు ఆ లిపి చదవడం రాదు. పండితులు చదువుకొనవలెనని తీసినాడు. ఆ శాసనాలు సక్రమంగా అచ్చులో వెలువడడానికి ఇంకా మూడు దశాబ్దాలకు పైగా పట్టినది.

ఆ ఆలయపు శాసనాలలో ఒకచోట రాజరాజు ఒక ఆజ్ఞ చేసినాడు. తాను ఇచ్చినవి, తన అక్క ఇచ్చినవి, తన రాణులు ఇచ్చినవి, ఇతరులు ఇచ్చినవి, అన్నీ విమానం రాతిమీద చెక్కవలెనని. అన్నట్లుగానే చెక్కినారు. ఏ ఆభరణంలో ఎన్ని ముత్యాలో, ఎంత తూకమో, ఎవరు ఇచ్చినారో. అదే గుడి ప్రాకారం మీద, ట్రైప్ తన కెమెరాను త్రిప్పని వైపున, మరొక శాసనం ఉన్నది. దానిలో గుడికొరకు ఊరూరి నుండి రప్పించిన దాదాపు 400 మంది నాట్యగత్తెల పేర్లు, ఒక్కొక్కరు ఏ వీథిలో ఏ ఇంట ఉండేదీ, వారివెంట గాయకులు, మద్దెలవాండ్రు, దర్జీలు, చాకళ్లు, మంగళ్లు, దీపాలు పట్టేవాండ్రు, వారికిచ్చే ధాన్యపు భాగాలు.